టేకు దుంగ, చేప బొమ్మ

ఆ టేకు ముక్క మంటలో వెయ్యకురా, పక్కన పెట్టు. తుమ్మ కొమ్మ ఉంది చూడు, అది ఎగదొయ్యి. ఈ టేకు కోసం సముద్రాలు దాటి వచ్చినోళ్లున్నారు.

దుమ్ముగూడెం ఆనకట్ట, లాకులు చూసిండ్రు గదా. గోదారి మీద పొగ ఓడలు పైదాకా నడపాలని దొరలు కట్టినవే. ఖర్చు తడిసి మోపెడై 1871లో వదిలేసిండ్రు. అంతకు ఎంతో ముందునుంచే ఈ గోదారి గట్ల టేకు కిందికి పోయేది. పచ్చి టేకు ఊరికే తేలదు. దుంగలకు వెదురు బొంగులు జోడించి, తెప్ప కట్టి వదిలేటోళ్లు. పాపికొండల్లో గోదారి ఇరుకైపోతది. అక్కడ గడ వేసేటోడు ఏమరిస్తే తెప్ప బండకు కొట్టుకునుడే.

కింద నరసాపురం. 1670ల్లో థామస్ బౌరీ అని ఓడలు నడిపే ఇంగ్లీషు వర్తకుడొకడు ఆ రేవు సంగతులు రాసిండు. ఇంగ్లీషోళ్లు ఏటేటా అక్కడ ఓడలు కట్టించుకునేటోళ్లట. మంచి కలప, మంచి ఇనుము. మేకులు, బోల్టులు, లంగర్లు సైతం అక్కడి పనివాళ్లే చేసేటోళ్లట. ఓడను నీళ్లలోకి దించే నేర్పులో వాళ్లు ఏ దేశపోళ్లకూ తీసిపోరని మెచ్చుకున్నడు. పొగిడినోడి పేరు మిగిలింది, కట్టిన మేస్త్రీల పేర్లు మనకు దక్కలే.

ప్లాను ఎవరు గీసిండ్రు తాతా అంటావు. కాగితం మీద ఓడ గీసుడు ఇంగ్లండులోనూ కొత్త ముచ్చటే. మాథ్యూ బేకర్ అని, ఎనిమిదో హెన్రీ రాజుకు ఓడలు కట్టిన జేమ్స్ బేకర్ కొడుకు. 1572లో రాణిగారి ఓడల పెద్ద మేస్త్రీ అయిండు. అప్పటిదాకా అక్కడ కూడా పని తండ్రి నుంచి కొడుక్కి నోటిమాటగా వచ్చేది. ఈయన కంపాసు పట్టిండు. ఓడ నడుమ కోతను వృత్తపు ముక్కలతో గీసి, ముందుకూ వెనక్కూ పోయేకొద్దీ ఎంత సన్నం చెయ్యాలో లెక్క కట్టిండు. ఒక బొమ్మలోనైతే ఓడ అడుగుభాగం పొడవునా చేపను గీసిండు. తల బొద్దు, తోక సన్నం. నీళ్లను చీల్చుకుపోయే తీరు చేపకు తెలిసినంత ఎవరికి తెలుసు?

సరుకు లెక్కకు కూడా ఆయన సూత్రం ఉంది. అడుగు దూలం పొడవును వెడల్పుతో, లోతుతో గుణించి నూరుతో భాగించాలె. అరవై అడుగుల పొడవు, ఇరవై నాలుగు వెడల్పు, పన్నెండు లోతు. చెప్పవే అమ్మాయ్, బడికి పోతున్నవు గదా! నూట డెబ్బై మూడు టన్నులకు కొంచెం తక్కువ. శభాష్.

మేస్త్రీలకు తగవులు కూడా తక్కువేం కాదు. 1609లో ఫినియస్ పెట్ అనే చిన్న మేస్త్రీ కడుతున్న రాజుగారి ఓడను తప్పుబట్టినోళ్లలో ముసలి బేకరూ ఉన్నడు. జేమ్స్ రాజే ఊలిచ్ రేవుకొచ్చి విచారణ పెట్టి, పెట్ వైపే తీర్పిచ్చిండు. నాలుగేండ్లకు బేకర్ పోయిండు. ఆయన కాగితాలు తర్వాత నౌకాదళం అధికారి శామ్యూల్ పెపిస్ చేతిలో పడి, ఇప్పటికీ కేంబ్రిడ్జిలో పదిలంగా ఉన్నయి.