కానరాని గాయము

సంధిపత్రములపై సంతకములు పడిన దినమున యుద్ధము ముగిసెనని చరిత్రకారుడు వ్రాయును. కాని రణరంగమునుండి మరలి వచ్చిన సైనికుని మనసులో అది ఏండ్ల తరబడి సాగుచునే యుండవచ్చును. ఈ విషయమును గూర్చి వైద్యలోకము గాఢముగా చింతింపవలసిన అవసరము ప్రథమ ప్రపంచ సంగ్రామమున కలిగినది.

1914లో యుద్ధము ఆరంభమైన కొలది మాసములకే ఫ్రాన్సులోని బ్రిటిషు సైనికాసుపత్రులకు వింత రోగులు రాసాగిరి. వారి దేహములపై గాయములు లేవు. అయినను కొందరికి మాట పడిపోయెను. కొందరికి చూపు తగ్గెను. కొందరు కాలుసేతులు వణకుచు నిలువలేకపోయిరి. 1915లో చార్లెస్ మైయర్స్ అను వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో ఇట్టివారిని వర్ణించుచు 'షెల్ షాక్' అను పేరు వాడెను. ఫిరంగి గుండు ప్రేలిన అదురు మెదడును దెబ్బతీయునని తొలుత తలంచిరి. కాని ప్రేలుడుకు దూరముగా నున్నవారికిని ఈ వ్యాధి కలుగుటచే ఆ వాదము నిలువలేదు.

ఇది కేవలము పిరికితనమని పలువురు సేనానులు భావించిరి. పలాయనము, పిరికితనము మొదలగు నేరములపై కాల్చి చంపబడినవారిలో ఈ వ్యాధికి లోనైనవారును ఉండిరి. అట్లు మరణించిన 306 మందికి బ్రిటిషు ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించినది 2006లో! అప్పటికి దాదాపు తొంబది యేండ్లు గడచినవి.

ఆ కాలముననే ఎడింబరో చెంత క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో డాక్టరు రివర్స్ వేరొక మార్గము త్రొక్కెను. ఈయన మన దక్షిణదేశమునకు క్రొత్తవాడు కాడు. నీలగిరులలో తోడా జాతివారి నడుమ మెలగి, వారి ఆచారములను గూర్చి 1906లో గ్రంథము ప్రకటించిన పండితుడు. ఇతరులు చెప్పునది ఓర్పుతో వినుట ఆయనకు అలవాటు.

"జరిగినది మరచిపొమ్ము" అనుటయే ఆనాటి సామాన్య చికిత్స. పగలు బలవంతముగా అణచిన జ్ఞాపకము రాత్రి పీడకలయై లేచునని 1917 డిసెంబరులో రివర్స్ ఒక ఉపన్యాసమున వివరించెను. ఒక యువాధికారి తన మిత్రుని వెదకబోయి, ఛిన్నాభిన్నమైన దేహమును చూచెను. నాటినుండి ప్రతిరాత్రియు ఆ దృశ్యమే. ఆ దేహస్థితియే మిత్రుడు బాధ యెరుగక తక్షణము మరణించెననుటకు సాక్ష్యమని రివర్స్ నచ్చజెప్పెను. కొన్నాళ్లకు మరల కల వచ్చెను. అందు అతడు మోకరిల్లి, మిత్రుని బంధువులకు అందజేయుటకై వస్తువులను ఏరుచుండెను. మేల్కొనినప్పుడు భయము లేదు.

అందరికిని ఈ పద్ధతి ఫలింపలేదని రివర్సే అంగీకరించెను. కోలుకొనినవారిలో పలువురిని మరల యుద్ధమునకే పంపిరి. ఆ ఆసుపత్రిలో చికిత్స పొందిన కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1918 నవంబరు 4న, యుద్ధవిరమణకు సరిగా వారము ముందు, హతుడయ్యెను.

వియత్నాము యుద్ధమునుండి మరలినవారి దుస్థితి చూచిన పిదప, 1980లో అమెరికా మనోవైద్యులు ఈ జాడ్యమునకు తమ వ్యాధుల పట్టికలో ప్రత్యేక స్థానమిచ్చిరి. శాస్త్రము పేరు పెట్టగలదు, చికిత్స చూపగలదు. కాని సైనికుడు మరలి వచ్చునది ఇంటికి. "ఆ సంగతులు ఇప్పుడెందుకు నాయనా" అని తల్లి ప్రేమతోనే అనును. ఆ మాటతో అతని నోరు మూతపడవచ్చును. అతడు చెప్పదలచిననాడు ప్రక్కన కూర్చుండి వినువారొకరు ఇంటిలో ఉండుట మేలు.