శాఖల మధ్య గోడలు: ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ నడిచివచ్చిన దారి

1960ల్లో అమెరికాలోని పెద్ద కంపెనీలు కంప్యూటర్లు కొనడం మొదలుపెట్టాక, ఒక్కో విభాగం తన అవసరం మేరకు తానే ప్రోగ్రాములు రాయించుకుంది. జీతాలకు ఒకటి, గోడౌన్‌లో సరుకు లెక్కకు ఒకటి, అమ్మకాల బిల్లులకు ఇంకొకటి. ఎవరి ప్రోగ్రాము వాళ్లకు బాగానే పనిచేసేది. కానీ ఒకే ఖాతాదారు పేరు బిల్లుల దగ్గర ఒక రకంగా, గోడౌన్ దగ్గర మరో రకంగా ఉండేది. ఫలానా ఖాతాదారు ఈ ఏడాది మన దగ్గర మొత్తం ఎంత కొన్నాడు, ఎంత బాకీ ఉన్నాడు అని యాజమాన్యం అడిగితే, నాలుగు విభాగాల గుమాస్తాలు కూర్చుని కాగితాలు తిరగేయాల్సివచ్చేది. ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అనే విద్య పుట్టింది ఈ ఇబ్బందిలోంచే. ఆ తర్వాత దానికి ఎన్నో పేర్లు, పటాలు, పరీక్షలు, సర్టిఫికెట్లు వచ్చాయి. అసలు ప్రశ్న మాత్రం మారలేదు: ఒక సంస్థలో ఏ సమాచారానికి ఎవరు బాధ్యులు, దాన్ని ఎవరెవరు వాడుకోవాలి?

ఈ ప్రశ్నను మొదట పద్ధతిగా పట్టుకున్నది ఐబీఎం. సొంత వ్యవహారాలను చక్కదిద్దుకోవడానికి ఆ సంస్థ తయారుచేసుకున్న ‘బిజినెస్ సిస్టమ్స్ ప్లానింగ్’ అనే పద్ధతిని 1970ల్లో ఖాతాదారులకూ అందించింది. సంస్థ చేసే పనులన్నీ ఒకవైపు, ఆ పనులకు కావలసిన సమాచారం ఇంకొకవైపు రాసి గళ్ల పట్టిక గీసేవారు. ఏ పని ఏ సమాచారాన్ని పుట్టిస్తుంది, ఏ పని దాన్ని వాడుకుంటుంది అని ఒక్కో గడిలో గుర్తు పెట్టేవారు. ఒకే సమాచారాన్ని రెండు పనులు పుట్టిస్తున్నట్టు గుర్తులు పడితే గొడవకు మూలం అక్కడే దొరికేది. ఆ తర్వాత వచ్చిన ఫ్రేమ్‌వర్కులన్నిటిలో నాకు ఈ గళ్ల పట్టికే కనిపిస్తుంది.

ఆ పద్ధతి మీద ఐబీఎంలో ఏళ్లతరబడి పనిచేసిన జాన్ జాక్‌మన్ 1987లో ‘ఐబీఎం సిస్టమ్స్ జర్నల్’లో ఒక వ్యాసం రాశారు. ఈ రంగానికి పునాది అదేనని ఇప్పటికీ అంటారు. ఇల్లు కట్టేటప్పుడు, విమానం తయారుచేసేటప్పుడు ఎలాంటి డ్రాయింగులు గీస్తారో ఆయన పరిశీలించారు. ఇంటి యజమాని చూసే పటం వేరు, ఆర్కిటెక్టు గీసే ప్లాను వేరు, మేస్త్రీ చేతిలో ఉండే కొలతల కాగితం వేరు. మూడూ ఒకే ఇంటివి. అలాగని ఒకదాన్ని పెద్దది చేస్తే ఇంకొకటి రాదు. ఎవరి ప్రశ్నకు జవాబు వాళ్ల పటంలో ఉంటుంది. సమాచార వ్యవస్థలకూ ఇలాంటి వరసలు ఉండాలన్నది జాక్‌మన్ వాదన. మొదటి వ్యాసంలో నిలువు వరసలు మూడే: డేటా, పని, అది జరిగే చోటు. 1992లో జాన్ సోవాతో కలిసి వాటిని ఆరు చేశారు. ఏమిటి, ఎలా, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు అనే ఆరు ప్రశ్నలు పైన. పథకం వేసేవాడి నుంచి పని చేసేవాడి దాకా ఉన్న చూపులు పక్కన. ఈ పట్టికలో మనం ఏం మర్చిపోయామో వెంటనే తెలుస్తుంది. గళ్లను ఏ వరసలో, ఎలా నింపాలో మాత్రం అది చెప్పదు. ఆ లోటు తీర్చడానికే తర్వాతి తరం ఫ్రేమ్‌వర్కులు వచ్చాయి.

జాక్‌మన్ ఆలోచన కంపెనీల్లో నెమ్మదిగా పాకుతుండగా, అమెరికా ప్రభుత్వం దాన్ని చట్టం చేసింది. 1996 నాటి క్లింగర్-కోహెన్ చట్టం ప్రకారం ప్రతి ఫెడరల్ శాఖలోనూ సమాచార వ్యవహారాలకు ఒక ప్రధాన అధికారి ఉండాలి. ఆ శాఖ కంప్యూటర్ వ్యవస్థల ఆర్కిటెక్చర్‌ను తయారుచేయించి కాపాడుకోవడం ఆ అధికారి బాధ్యత. 1999లో ఫెడరల్ శాఖలన్నిటికీ ఉమ్మడిగా ఒక ఫ్రేమ్‌వర్క్ కూడా వచ్చింది.

చట్టం ఉన్నంత మాత్రాన పని జరగలేదని ఎఫ్‌బీఐ ఉదంతం చూపించింది. కేసు ఫైళ్లను కాగితం మీది నుంచి కంప్యూటర్‌లోకి తేవడానికి ఆ సంస్థ ‘వర్చువల్ కేస్ ఫైల్’ అనే సాఫ్ట్‌వేర్ రాయించుకుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత తొందర పెరిగింది, అవసరాలు మాటిమాటికీ మారాయి. సంస్థ మొత్తానికి ఆర్కిటెక్చర్ లేకుండానే ఇంత పెద్ద వ్యవస్థ కడుతున్నారని అమెరికా కాంగ్రెస్ తరఫున ఆడిట్ చేసే సంస్థ 2003లోనే హెచ్చరించింది. ఏ సమాచారం ఎక్కడ పుడుతుంది, పాత వ్యవస్థల్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది తేలకముందే లక్షల వరసల కోడ్ తయారైపోయింది. దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో ఆ ప్రాజెక్టును వదిలేశారు. దాని స్థానంలో వచ్చిన ‘సెంటినెల్’ 2012లో గానీ పూర్తిగా వాడుకలోకి రాలేదు. ముందు పటం గీయడం కాలయాపన అనుకునే మేనేజర్లకు నేను ఎప్పుడూ ఈ ఉదంతమే చెబుతాను.

ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువమంది చదివే ఫ్రేమ్‌వర్క్ టోగాఫ్. దాని పుట్టుక కూడా ప్రభుత్వం దగ్గరే. అమెరికా రక్షణ శాఖ తన సాంకేతిక వ్యవస్థల కోసం టాఫిమ్ అనే ఫ్రేమ్‌వర్క్‌ను ఏళ్లతరబడి తయారుచేసుకుంది. దాన్ని ఆధారంగా తీసుకుని అందరికీ పనికొచ్చేది తయారుచేసుకోమని ఆ శాఖే అనుమతి ఇవ్వడంతో 1995లో టోగాఫ్ మొదటి కూర్పు వచ్చింది. మరుసటి ఏడాది ఎక్స్‌/ఓపెన్, ఓపెన్ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కలిసి ‘ది ఓపెన్ గ్రూప్’గా ఏర్పడ్డాయి. టోగాఫ్‌ను అప్పటినుంచి వెలువరిస్తున్నది ఈ సంస్థే. తొలి కూర్పులు సర్వర్లు, నెట్‌వర్కుల గురించే ఎక్కువగా మాట్లాడేవి. 2002 చివర్లో వచ్చిన ఎనిమిదో కూర్పు వ్యాపారాన్ని, డేటాను, అప్లికేషన్లను, టెక్నాలజీని ఒకే గొడుగు కిందికి తెచ్చింది. 2009లో తొమ్మిదో కూర్పు, 2022లో పదో కూర్పు వచ్చాయి. ఏ సంస్థయినా తన సొంత అవసరాలకు దీన్ని ఉచితంగా వాడుకోవచ్చు. టోగాఫ్ ఇంతగా వ్యాపించడానికి అది పెద్ద కారణమని నా అభిప్రాయం.

టోగాఫ్ గుండెకాయ ఏడీఎం అనే పద్ధతి. పుస్తకంలో దాన్ని వలయంలా గీస్తారు. పైన సన్నాహక దశ, చుట్టూ ‘ఎ’ నుంచి ‘హెచ్’ వరకు ఎనిమిది దశలు, నడిమధ్య అవసరాల నిర్వహణ. మొదట సంకల్పం, ఆపైన వ్యాపారం, సమాచార వ్యవస్థలు, టెక్నాలజీ. తర్వాత పరిష్కారాల ఎంపిక, మార్పుకు ప్రణాళిక, అమలు మీద పర్యవేక్షణ, చివరికి కొత్త మార్పులను గమనించడం; మళ్లీ మొదటికి. వ్యాపారం, సమాచార వ్యవస్థలు, టెక్నాలజీ దశల్లో ఇప్పుడున్న స్థితి ఏమిటి, చేరాల్సిన స్థితి ఏమిటి, మధ్యలో తేడా ఎంత అని రాసుకోవాలి. ఈ మాటలు చదివితే పొడిగా ఉంటాయి. మన నేల మీది పని ఒకటి తీసుకుంటే తేటపడతాయి.

1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ అనే ప్రాజెక్టు కింద రెండు వందలకు పైగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. అంతకుముందు దస్తావేజు పట్టుకెళితే మార్కెట్ విలువ కోసం పుస్తకాలు తిరగేసేవారు, స్టాంపు సుంకం చేత్తో లెక్కగట్టేవారు, దస్తావేజు మొత్తాన్ని రిజిస్టరులోకి నకలు రాసేవారు. ఆస్తి మీద జరిగిన లావాదేవీలను చూపే ఈసీ కావాలంటే పాత ఇండెక్స్ పుస్తకాల్లో వెతికి రాసి ఇవ్వడానికి రోజులు పట్టేది. కార్డ్ వచ్చాక విలువ తెరమీద కనిపించింది, దస్తావేజు స్కాన్ అయింది, ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది. దీన్ని రూపొందించిన ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ పేరు మనకు మళ్లీ తగులుతుంది.

అంత మంచి ప్రాజెక్టుకూ ఒక హద్దు ఉంది. రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర పొలం కొన్నవాడి పేరు ఎక్కింది. రెవెన్యూ శాఖ అడంగల్‌లో, తెలంగాణలో అయితే పహాణీలో, అమ్మినవాడి పేరే ఉండిపోయింది. దాన్ని మార్చుకోవడానికి కొన్న రైతు మ్యుటేషన్ కోసం ఎమ్మార్వో ఆఫీసులో వేరే దరఖాస్తు పెట్టుకోవాల్సివచ్చేది. అప్పటిదాకా పట్టాదారు పాసుపుస్తకం వచ్చేది కాదు, అది లేక బ్యాంకులో పంట రుణమూ కష్టమయ్యేది. ఒకే సర్వే నంబరుకు రెండు ఆఫీసుల్లో ఇద్దరు యజమానులు! ఇక్కడ టోగాఫ్ నాలుగు పొరలూ స్పష్టంగా చూడొచ్చు. హక్కు ఎప్పుడు మారినట్టో తేల్చే నియమం వ్యాపార పొర. యజమాని పేరుకు అసలు రికార్డు ఏ శాఖదన్నది డేటా పొర. రెండు శాఖల సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడడం అప్లికేషన్ పొర. వాటిని నడిపే సర్వర్లు, కలిపే నెట్‌వర్క్ టెక్నాలజీ పొర. నాలుగింటిలో టెక్నాలజీయే తేలిక. కష్టమంతా మొదటి రెండింటిలో ఉంది, ఎందుకంటే అక్కడ తన రికార్డే అసలుదన్న పట్టును ఎవరో ఒకరు వదులుకోవాలి. 2020 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం ధరణి అనే పోర్టల్ ద్వారా వ్యవసాయ భూములకు రిజిస్ట్రేషన్‌ను, మ్యుటేషన్‌ను తహసీల్దారు దగ్గరే ఒకేసారి జరిగేలా చేసింది. పాత రికార్డుల్లోని తప్పులు కొత్త తెరమీదికి అలాగే వచ్చిన చోట రైతులు ఆఫీసుల చుట్టూ తిరగాల్సివచ్చింది. మిగతా పొరలు కలిపినా డేటా పొర శుభ్రం కాకపోతే ఏమవుతుందో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

2014లో రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ పనిని ఒక్కో శాఖకు కాకుండా రాష్ట్రం మొత్తానికి తలపెట్టింది. ఈ-ప్రగతి అని పేరుపెట్టిన ఆ నమూనాకు టోగాఫ్ ఆధారం, మార్గదర్శి అదే సత్యనారాయణ. ప్రజల వివరాలకు ఒక పీపుల్ హబ్, భూముల వివరాలకు ఒక ల్యాండ్ హబ్ ఉండాలని, ఏ శాఖయినా వాటిలోంచే వివరాలు తీసుకోవాలని అందులోని ఆలోచన. శాఖలు డేటాను పంచుకోవడానికి 2017లో ప్రత్యేక చట్టమూ తెచ్చారు. రాష్ట్ర స్థాయిలో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌ను ఇంత విస్తారంగా తలపెట్టిన చోట్లు మన దేశంలో అరుదు. ఆ అనుభవం ఢిల్లీ చేరింది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2018లో ఇండ్‌ఈఏ (ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్) ఫ్రేమ్‌వర్క్‌ను తెచ్చింది. 2019లో సత్యనారాయణ అధ్యక్షతన వచ్చిన జాతీయ డిజిటల్ ఆరోగ్య నమూనా దాని మీదే నిలబడింది. ఇప్పుడు ఆసుపత్రిలో మనల్ని అడిగే ఆభా నంబరు వెనుక ఉన్న ఆలోచన ఆ నమూనాలోదే.

ఇక సర్టిఫికెట్ల సంగతి. హైదరాబాద్‌లోనైనా, డల్లాస్‌లోనైనా పదిపన్నెండేళ్ల అనుభవమున్న తెలుగు ఇంజనీరు కోడ్ రాయడం నుంచి ఆర్కిటెక్టు ఉద్యోగం వైపు తిరగాలనుకున్నప్పుడు మొదట వినిపించే పేరు టోగాఫ్ సర్టిఫికేషన్. తొమ్మిదో కూర్పుతో అది రెండు మెట్లుగా స్థిరపడింది. పదో కూర్పులో వాటి పేర్లు ఫౌండేషన్, ప్రాక్టిషనర్. ఫౌండేషన్‌లో గంట సమయం, 40 ప్రశ్నలు, నూటికి 60 మార్కులు వస్తే పాస్. ఏ దశలో ఏం చేస్తారు, ఏ పదానికి ఏమిటి అర్థం అని అడుగుతారు. ప్రాక్టిషనర్ పరీక్షలో గంటన్నరకు ఎనిమిదే ప్రశ్నలు, పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. ఒక్కో ప్రశ్నలో పేజీ నిడివి కథ ఉంటుంది: ఫలానా కంపెనీ ఇంకో కంపెనీని కొనుక్కుంది, రెండింటి వ్యవస్థలూ వేరు, ఆర్కిటెక్టుగా మీరేం సలహా ఇస్తారు? నాలుగు జవాబుల్లో అన్నిటికన్నా తగినదానికి 5 మార్కులు, దాని తర్వాతదానికి 3, మూడోదానికి 1, పనికిరానిదానికి సున్న. ఈ మార్కుల పద్ధతి నాకు నచ్చుతుంది. ఈ వృత్తిలో పూర్తిగా ఒప్పు, పూర్తిగా తప్పు అరుదు. ఎక్కువ మేలు, తక్కువ మేలు ఉంటాయి.

లక్షమందికి పైగా ఈ సర్టిఫికెట్ తీసుకున్నారు. వాళ్లందరికీ ఒక ఉమ్మడి భాష వచ్చింది, అది చిన్న విషయం కాదు. చెన్నైలో ఒకరు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకరు ‘బేస్‌లైన్’ అంటే ఇప్పుడున్న స్థితి అని ఒకటే అర్థం చేసుకుంటారు. కానీ రెండు శాఖల అధికారులను కూర్చోబెట్టి, ఈ రికార్డు మీది, ఆ రికార్డు వాళ్లది అని ఒప్పించే నేర్పు 40 ప్రశ్నల్లో తేలేది కాదు.

ఈ సంగతి ఓపెన్ గ్రూప్‌కూ తెలుసు. అందుకే 2005లోనే ఐటీ ఆర్కిటెక్టుల కోసం వేరే సర్టిఫికేషన్ తెచ్చింది. తర్వాత దాని పేరు ఓపెన్ సర్టిఫైడ్ ఆర్కిటెక్ట్‌గా మారింది. దీనికి పరీక్ష లేదు, ఏ ఫ్రేమ్‌వర్క్‌నూ కంఠస్థం చేయనక్కర్లేదు. అభ్యర్థి తాను చేసిన ప్రాజెక్టుల గురించి వివరంగా రాసి పంపాలి. అప్పటికే ఆ అర్హత ఉన్న ముగ్గురు ఆర్కిటెక్టులు దాన్ని చదివి ఇంటర్వ్యూ చేస్తారు. టోగాఫ్ పరీక్షలతో పోలిస్తే ఈ దారిలో వెళ్లేవాళ్లు చాలా తక్కువ, ఎందుకంటే రాయడానికి ముందు చేసి ఉండాలి. అక్కడ అడిగే ప్రశ్నలు చదివినవాటి గురించి ఉండవు. ఈ నిర్ణయం మీరే తీసుకున్నారా, మీ టీమ్ తీసుకుందా? ఇంకో దారి ఏముంది, దాన్ని ఎందుకు వద్దన్నారు? ఎవరు అభ్యంతరం చెప్పారు, వాళ్లకు మీరేం చెప్పారు?