జాబుల పెట్టె, కొత్త కూర్పులు

ఉచితంగా దొరికే ఈ-మెయిలు ప్రోగ్రాముకు కొత్త కూర్పు వచ్చిందని తెలియగానే దింపుకోవడం నాకు ఇరవయ్యేళ్ళ నాటి అలవాటు. దాన్ని ఎవరు తయారుచేస్తున్నారు, వారికి కూలి ఎవరిస్తున్నారు అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం తట్టలేదు. తట్టిన తరువాత వెదికి తెలుసుకున్న చరిత్ర ఇది.

1988లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ డోర్నర్ ఒక ప్రోగ్రామును రాశాడు. పోస్టాఫీసులోనే కాపురం పెట్టిన యువతి కథ రాసిన యుడోరా వెల్టీ పేరు దానికి పెట్టాడు. తరువాత క్వాల్‌కామ్ సంస్థ యుడోరాను చేపట్టి, 2006లో దాని వ్యాపారానికి స్వస్తి చెప్పింది. యూనికోడుకు దానిలో సరైన ఆదరువు లేకపోవడంతో, తెలుగు లిపిలో రాసిన జాబు అర్థంకాని గుర్తులుగా కనబడేది.

న్యూజిలాండులో డేవిడ్ హారిస్ 1990 నుంచి పెగాసస్ మెయిల్‌ను ఉచితంగా పంచిపెట్టాడు. దాని కరదీపికలు అమ్మగా వచ్చిన సొమ్మే అతనికి ఆధారం. అది చాలక, 2007 జనవరిలో ఇక ఆపివేస్తున్నానని ప్రకటించాడు. వాడుకరుల మద్దతు వెల్లువెత్తడంతో తిరిగి పూనుకున్నాడు. రెండు చోట్లా ప్రోగ్రాము ఆయుష్షు యజమాని చేతిలోనే ఉండినది.

మొజిల్లావారి థండర్‌బర్డ్ దారి వేరు. 2003లో మినోటార్ అన్న పేరుతో మొదలై, 2004 డిసెంబరు 7న 1.0 కూర్పుగా వెలువడింది. దాని మూలరచన అందరికీ తెరిచి ఉంది. యూనికోడు తెలుగు జాబులను రాయడానికీ చదవడానికీ వీలుండేది. డయలప్ రోజుల్లో దాన్ని దింపుకోవడమంటే, ఫోను ఎవరూ ఎత్తకుండా కాపలా కాయడమే.

దానికీ గండం తప్పలేదు. ఇకమీదట దానిపై పెద్దగా శ్రమ వెచ్చించబోమని 2012 జులైలో మొజిల్లా ప్రకటించింది. అయితే మూలరచన బహిరంగం కనుక స్వచ్ఛంద సేవకులు పనిని వదలలేదు. వాడుకరుల చందాలు తోడయ్యాయి. 2020 జనవరిలో దానికోసం మొజిల్లా ఫౌండేషన్ కింద ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది. 2023లో కొత్త రూపుతో 115వ కూర్పు, 2024లో ఆండ్రాయిడ్ ఫోనులకు తగిన కూర్పు వచ్చాయి.

నాకు ఇందులో పట్టింపు ఎందుకంటే, నా పాత జాబులన్నీ నా కంప్యూటరులోనే, సాదా పాఠ్యంగా, ఎంబాక్స్ అనే పద్ధతిలో భద్రమై ఉన్నాయి. వాటిలో ఇప్పుడు లేని మిత్రులు రాసినవీ ఉన్నాయి. ఒక పద్యపాదం గురించి వాదించినవి, అమ్మ పోయినప్పుడు ఓదార్చినవి. ప్రతి కొత్త కూర్పూ వాటిని మళ్ళీ తెరిచి చూపిస్తూనే వచ్చింది.

దింపుకునే చోటే చందా అడిగే మాట కూడా ఉంటుంది. ఎన్నో ఏళ్ళు దాన్ని చూడనట్టే దాటిపోయాను. మొన్న కొత్త కూర్పు దింపుకున్నప్పుడు మాత్రం, ఊరి గ్రంథాలయానికి కట్టినట్టుగా, నాకు చేతనైనంత పంపాను.