జట్టు పునర్నిర్మాణంలో వేతన పరిమితి: ఎన్‌హెచ్‌ఎల్ నిబంధనలు, షికాగో అనుభవం

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో అత్యున్నత పోటీ అయిన నేషనల్ హాకీ లీగ్‌లో ప్రస్తుతం అమెరికా, కెనడాలకు చెందిన 32 జట్లు ఉన్నాయి. ఎన్‌హెచ్‌ఎల్‌గా వ్యవహరించే ఈ లీగ్‌లో ఆటగాళ్ల వేతనాలపై ఒక జట్టు చేయగల వ్యయానికి గరిష్ఠ, కనిష్ఠ హద్దులు నిర్ణయమై ఉంటాయి. వరుస ఓటముల అనంతరం జట్టును మళ్లీ మొదటి నుంచి నిర్మించుకునే యాజమాన్యానికి ఈ హద్దుల నడుమ మిగిలే ఖాళీయే ప్రధాన పెట్టుబడి.

యజమానులకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య వివాదం కారణంగా 2004-05 సీజన్ పూర్తిగా రద్దయింది. ఆ ప్రతిష్టంభనకు ముగింపుగా కుదిరిన ఒప్పందంతో 2005-06లో వేతన పరిమితి అమలులోకి వచ్చింది. తొలి ఏడాది గరిష్ఠ పరిమితి 3.9 కోట్ల డాలర్లు. 2024-25లో అది 8.8 కోట్లకు, 2025-26లో 9.55 కోట్లకు చేరింది. 2025-26కు కనిష్ఠ వ్యయం 7.06 కోట్ల డాలర్లు. బేస్‌బాల్‌లో మాదిరిగా అదనపు పన్ను చెల్లించి హద్దు దాటే వెసులుబాటు ఇక్కడ లేదు.

లెక్కించే విధానం

ఆటగాడికి ఏ సంవత్సరం ఎంత సొమ్ము ముట్టినా, పరిమితి లెక్కలో చేరేది ఒప్పందపు వార్షిక సగటు. ఐపీఎల్‌లో మెగా వేలం వచ్చిన ప్రతిసారీ జట్ల ఖాతాలు దాదాపు కొత్తగా మొదలవుతాయి. ఎన్‌హెచ్‌ఎల్‌లో అటువంటి ఘట్టం లేదు. 2013 నాటి ఒప్పందం జట్టు తన ఆటగాడితో ఎనిమిదేళ్ల వరకు, బయటి ఆటగాడితో ఏడేళ్ల వరకు ఒప్పందం చేసుకునే వీలు కల్పించింది. ఒకసారి సంతకమైన తర్వాత ఆటగాడి ఫామ్ తగ్గినా ఆ భారం తొలగదు.

భారం దించుకోవడానికి మార్గాలు కొన్నే ఉన్నాయి. ఆటగాడిని బదిలీ చేస్తూ వేతనంలో సగం వరకు పాత జట్టే భరించవచ్చు. అయితే ఏ జట్టయినా ఒకేసారి మూడు ఒప్పందాలకు మించి ఇలా భరించరాదు. నిర్ణీత మొత్తం చెల్లించి ఒప్పందాన్ని రద్దు చేసుకుంటే, ఆ మొత్తం మిగిలిన గడువుకు రెట్టింపు కాలం పరిమితి లెక్కలో కొనసాగుతుంది. మూడో మార్గం, భారాన్ని స్వీకరించే మరో జట్టుకు ప్రతిఫలంగా యువ ఆటగాడినో, డ్రాఫ్ట్ ఎంపికనో సమర్పించుకోవడం.

విజయానికి చెల్లించిన మూల్యం

షికాగో బ్లాక్‌హాక్స్ ఈ లావాదేవీలో రెండు వైపులా నిలిచిన జట్టు. 2010, 2013, 2015లలో స్టాన్లీ కప్ గెలిచిన ఈ జట్టు తారలు ప్యాట్రిక్ కేన్, జొనాథన్ టేవ్స్‌ల ఒప్పందాలు 2015-16 నుంచి ఏటా చెరి 1.05 కోట్ల డాలర్ల చొప్పున మొదలయ్యాయి. ఆ ఏడాది పరిమితి 7.14 కోట్లు. అంటే ఇద్దరు ఆటగాళ్లకే 29 శాతానికి పైగా కేటాయింపు జరిగింది. ఫలితంగా 2016 జూన్‌లో బ్రయన్ బికెల్‌కు చెందిన 40 లక్షల డాలర్ల భారాన్ని వదిలించుకునేందుకు, 21 ఏళ్ల ప్రతిభావంతుడు టెయువో టెరావైనెన్‌ను కూడా కరోలినాకు అప్పగించవలసి వచ్చింది.

ఖాళీని విక్రయించే దశ

2022 నాటికి పరిస్థితి తారుమారైంది. జనరల్ మేనేజర్ కైల్ డేవిడ్‌సన్ పునర్నిర్మాణానికి పూనుకున్నారు. అంతకుముందు సీజన్‌లో 41 గోల్స్ చేసిన 24 ఏళ్ల అలెక్స్ డెబ్రింకాట్‌ను ఒటావాకు పంపి డ్రాఫ్ట్ ఎంపికలు తీసుకున్నారు. అదే జులైలో గోల్‌కీపర్ పెట్ర్ మ్రాజెక్‌కు మిగిలిన రెండేళ్ల ఒప్పందాన్ని ఏటా 38 లక్షల డాలర్ల చొప్పున భరించేందుకు అంగీకరించారు. అందుకు ప్రతిఫలంగా టొరంటో తన 25వ ఎంపికను ఇచ్చి షికాగో 38వ ఎంపికను తీసుకుంది. ఆ 25వ ఎంపికతో షికాగో ఎన్నుకున్న డిఫెన్స్ ఆటగాడు శామ్ రిన్‌జెల్ 2025లో ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు.

2023లో లాటరీ కలిసివచ్చి షికాగోకు మొదటి ఎంపికగా కానర్ బెడార్డ్ లభించాడు. కొత్త ఆటగాళ్ల తొలి ఒప్పందాలకు ప్రత్యేక పరిమితి ఉన్నందున, పనితీరు బోనస్‌లు మినహా అతని భారం మూడేళ్లపాటు ఏటా 9.5 లక్షల డాలర్లే. ఆ చౌక సంవత్సరాలలో మిగిలిన సొమ్మును నిక్ ఫొలీనో వంటి అనుభవజ్ఞులకు స్వల్పకాలిక ఒప్పందాలపై వెచ్చించారు. దీనివల్ల కనిష్ఠ వ్యయ నిబంధన నెరవేరింది, యువకులకు మార్గదర్శకులూ లభించారు, భవిష్యత్తుపై భారమూ పడలేదు.

గడువు ఎంత కీలకమో రెండు బదిలీలు తెలియజేస్తాయి. 2023 ఫిబ్రవరిలో కేన్‌ను న్యూయార్క్ రేంజర్స్‌కు పంపినప్పుడు షికాగో అతని వేతన భారంలో సగాన్ని ఉంచుకుంది. ఒప్పందం ఆ వేసవితోనే ముగియడంతో నష్టం కలగలేదు. 2025 మార్చిలో సెత్ జోన్స్‌ను ఫ్లోరిడాకు పంపినప్పుడు ఉంచుకున్న ఏటా 25 లక్షల డాలర్ల భారం మాత్రం 2029-30 వరకు కొనసాగనుంది. బెడార్డ్ తరం ఆటగాళ్లకు పెద్ద వేతనాలు చెల్లించవలసిన కాలం కూడా ఇదే.

ఆరిజోనా తరహా

ఆరిజోనా కయోటీస్ ఇదే పద్ధతిని మరో రీతిలో అనుసరించింది. రష్యాకు తిరిగి వెళ్తున్న పావెల్ డాట్సుక్‌కు చెందిన 75 లక్షల డాలర్ల భారాన్ని 2016లో డెట్రాయిట్ నుంచి స్వీకరించి, డ్రాఫ్ట్‌లో 20వ స్థానం నుంచి 16వ స్థానానికి ఎగబాకింది. మళ్లీ ఆడే అవకాశం లేని క్రిస్ ప్రాంగర్, మరియన్ హోసాల ఒప్పందాలనూ వేర్వేరు సంవత్సరాలలో తీసుకుంది. లెక్కలో కనిష్ఠ వ్యయం పూర్తయింది కానీ మైదానంలో జట్టు బలపడలేదు. 2023-24 సీజన్ అనంతరం ఆటగాళ్లతో సహా ఆ జట్టు వ్యవస్థ సాల్ట్ లేక్ సిటీకి తరలిపోయింది.

పరిమితులు, ప్రమాదాలు

ఖాళీ ఉన్నంత మాత్రాన విజయం రాదు. బఫెలో సేబర్స్ 2011-12 నుంచి 2024-25 వరకు వరుసగా 14 సీజన్లు ప్లేఆఫ్‌కు దూరంగా ఉండి లీగ్ చరిత్రలో రికార్డు నెలకొల్పింది. షికాగో సైతం 2020 తర్వాత 2024-25 వరకు ప్లేఆఫ్ చేరలేదు. ఈ కాలమంతా ఓటములు చూస్తూ టికెట్టు కొనేది అభిమానులే.

ఖాళీకి ఉన్న విలువ కూడా స్థిరం కాదు. కొవిడ్ అనంతరం పరిమితి 8.15 కోట్ల వద్ద నిలిచిపోయిన సంవత్సరాలలో భారం దించుకోవలసిన జట్లు ఎక్కువ, స్వీకరించగల జట్లు తక్కువ. అందుకే మ్రాజెక్ వంటి లావాదేవీలు సాధ్యమయ్యాయి. 2025-26లో పరిమితి ఒక్క ఏడాదిలో 75 లక్షల డాలర్లు పెరగడంతో దాదాపు ప్రతి జట్టుకూ కొంత వెసులుబాటు చిక్కింది. ఖాళీని అమ్మి భవిష్యత్తును కొనే అవకాశం ఆ మేరకు సన్నగిల్లింది. షికాగో 2024 జులైలో తన ఖాళీని మరో విధంగా వినియోగించింది. ఎనిమిదేళ్ల క్రితం వదులుకున్న టెరావైనెన్‌ను ఏటా 54 లక్షల డాలర్లతో మూడేళ్లకు తిరిగి చేర్చుకుంది.