పెన్నేరు వేరు: మెదడు మందుగా దాని చరిత్ర

పెన్నేరు వంగ కుటుంబానికి చెందిన పొద. సంస్కృతంలో అశ్వగంధ, పచ్చి వేరు గుర్రం వాసన వేస్తుందని ఆ పేరు. శాస్త్రనామం విథానియా సోమ్నిఫెరా, అందులో రెండో మాటకు నిద్ర తెప్పించేదని అర్థం. రాజస్థాన్‌లోని నాగౌర్ వేరుకు పాతకాలం నుంచీ పేరుంది. సాగు ఎక్కువగా మధ్యప్రదేశ్‌లోని మందసౌర్, నీమచ్ ప్రాంతాల్లో. అనంతపురం, కర్నూలు మెట్ట నేలల్లోనూ వేస్తారు.

ఇవాళ దీన్ని జ్ఞాపకశక్తి మందుగా అమ్ముతున్నారు గానీ, చరక సంహిత ఆ పని దీనికి అప్పగించలేదు. బలమిచ్చే మూలికల్లో, ఒళ్లు పట్టించే మూలికల్లో చేర్చింది. అందులో మేధ్య రసాయనాలుగా, అంటే బుద్ధిని పెంచే మందులుగా చెప్పినవి నాలుగే: సరస్వతి ఆకు, అతిమధురం, తిప్పతీగ, శంఖపుష్పి. మెదడు మందన్న కీర్తి చాలావరకు ప్రయోగశాలలు తెచ్చిపెట్టినదే.

1965లో ఇజ్రాయెల్‌లో లావీ బృందం ఈ మొక్కలోని విథాఫెరిన్-ఎ అనే పదార్థం నిర్మాణాన్ని తేల్చింది. ఆ జాతి పదార్థాలకు విథనోలైడ్లన్న పేరు ఈ మొక్క నుంచే వచ్చింది. 2005లో జపాన్‌లోని తొయామా పరిశోధకులు, అల్జీమర్స్ మతిమరుపు జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ వల్ల దెబ్బతిన్న నాడీకణాల కొమ్మలు విథనోలైడ్-ఎతో మళ్లీ చిగురించడం చూపారు.

అసలు మలుపు 2012లో. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న విజయలక్ష్మీ రవీంద్రనాథ్ బృందం అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకలకు 30 రోజులు వేరు సారాన్ని నోటిద్వారా ఇచ్చింది. మెదడులో పేరుకున్న అమిలాయిడ్ తగ్గింది, మరుపు సర్దుకుంది. మందు పనిచేసిన చోటు మాత్రం మెదడు కాదు, కాలేయం! అక్కడ ఎల్‌ఆర్‌పి అనే ప్రోటీన్ పెరిగి, రక్తంలోకి చేరి, అమిలాయిడ్‌ను మెదడు నుంచి బయటికి లాగింది. కాలేయంలో ఆ ప్రోటీన్‌ను అణచివేస్తే మందూ పనిచేయలేదు. అయితే అది విథనోలైడ్లు, వాటి జాతివే అయిన విథనోసైడ్లు దట్టంగా ఉన్న, కొంత శుద్ధిచేసిన సారం. పాలలో కలుపుకునే చూర్ణం, అదీ ఒకటి కావు.

మనుషుల్లో ఆధారాలు పలచన. 2017లో ప్రచురితమైన ఒక పరీక్షలో, కొద్దిపాటి మరుపున్న 50 మందిలో కొందరికి వేరు సారాన్ని 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు 8 వారాలు ఇస్తే, ఉత్తుత్తి మందు వాడినవాళ్లకన్నా వాళ్ల జ్ఞాపకశక్తి మెరుగ్గా కనిపించింది. వాళ్లు అల్జీమర్స్ రోగులు కారు.

ఇక కాలేయమే ఫిర్యాదు చేయడం ఈ కథలో వింత. అశ్వగంధ మాత్రలు వాడాక కామెర్లు వచ్చిన అయిదుగురి వివరాలను ఐస్‌లాండ్, అమెరికా వైద్యులు 2020లో ప్రకటించారు. 2021లో ఆయుష్ మంత్రిత్వ శాఖ ఈ మొక్క ఆకులు వాడవద్దని, వేరునే వాడాలని తయారీదారులకు సూచించింది. హార్మోన్లపై ప్రభావం, గర్భస్రావం భయాలతో డెన్మార్క్ 2023లో దీన్ని నిషేధించింది.