టెర్మినల్ కీబోర్డుల మీటలు: చరిత్ర, గుర్తింపు

టెర్మినల్ అనగా స్వయముగా గణించు శక్తి లేక, వేరొక గదిలోనో వేరొక పట్టణములోనో ఉన్న పెద్ద కంప్యూటరునకు తీగ ద్వారా అక్షరములను పంపి, అచటినుండి వచ్చిన సమాధానమును కాగితముపైనో తెరపైనో చూపునట్టి యంత్రము. దానిలో మనుష్యహస్తము తాకు భాగము కీబోర్డు. ఆ కీబోర్డులో ప్రతి అక్షరము క్రిందను దాగియుండి, వ్రేలి ఒత్తిడిని విద్యుత్సంకేతముగా మార్చు చిన్న పరికరమే మీట, అనగా స్విచ్. 1960 మొదలు 1990 వరకు ఈ మీటలు భిన్న సూత్రములపై, భిన్న సంస్థలచే నిర్మింపబడుటచేత, పాత కీబోర్డు ఒకటి చేతికి వచ్చినపుడు దాని మీట ఏ జాతికి చెందినదో నిర్ణయించుట మరమ్మతుదారునకును, సాంకేతిక చరిత్రకారునకును మొదటి పనియై యున్నది. జాతి తెలియక విప్పిన కీబోర్డు తిరిగి పనిచేయుట అరుదు.

తెలుగు దేశమున ఈ చరిత్ర హైదరాబాదులో ప్రారంభమగును. అణుశక్తి శాఖ క్రింద 1967లో స్థాపితమై, జనులచే ఈసీఐఎల్ అని పిలువబడు ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అయ్యగారి సాంబశివరావు నాయకత్వమున, ట్రాంబే అణుపరిశోధనాలయములో రూపొందిన టీడీసీ-12 కంప్యూటరును 1969లో వెలువరించి, 1970 దశకములో టీడీసీ-312, టీడీసీ-316 లను నిర్మించెను. ఆ తరపు చిన్న కంప్యూటర్లతో సంభాషించుటకు లోకమంతట ప్రచారములో నుండినది 1963లో వెలువడిన టెలిటైపు మోడల్ 33. దానిలో మీట యనదగిన ప్రత్యేక పరికరము ప్రతి అక్షరమునకు లేదు. కీని నొక్కగా లోపలి కడ్డీలు జరిగి, ఆ జరుగుటయే అక్షరసంకేతమగును. రెమింగ్టన్, గోద్రెజ్ యంత్రములపై లోయరు, హయ్యరు పరీక్షలకు టైపు సాధన చేసినవారికి ఆ కీలను నొక్కు బరువు క్రొత్తగా తోచియుండదు.

1978లో ఐబీఎం సంస్థ భారతదేశమును వీడిపోగా, దాని యంత్రముల సంరక్షణభారము 1975లో ఏర్పడిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్‌పై, అనగా సీఎంసీపై పడెను. పరదేశములలో తయారైన నానావిధ యంత్రములను, తయారీదారుల సహాయము ఆశింపక, బాగుచేయవలసి వచ్చిన ఆ ఇంజనీర్లకు మీటల జాతిజ్ఞానము నిత్యావసరమైనది. సికిందరాబాదులో పరిశోధనాలయము నెలకొల్పుకొన్న ఈ సంస్థయే రైల్వే రిజర్వేషనునకు ఇంప్రెస్ అను వ్యవస్థను రచించెను. అది 1985లో ఢిల్లీలో మొదలై, తరువాత సికిందరాబాదు మొదలగు కేంద్రములకు వ్యాపించెను. మన జనసామాన్యములో పెక్కురు టెర్మినలును ప్రథమముగా దర్శించినది రిజర్వేషను కిటికీ వెనుకనే యని చెప్పవచ్చును.

మీటలను వాని అంతస్సూత్రమును బట్టి విభజించుటయే ఉత్తమము. మొదటిది లోహస్పర్శ గలది: రెండు లోహపు రేకులు తాకినపుడు విద్యుత్తు ప్రవహించును. 1953లో అమెరికాలో పుట్టిన చెర్రీ సంస్థ ఈ స్పర్శస్థానమున బంగారపు పూతగల సన్నని కడ్డీలను అడ్డముగా నుంచి, త్రుప్పు బాధను చాలవరకు నివారించెను. రెండవది రీడ్ మీట: గాజుగొట్టములో మూసియుంచిన రెండు లోహపత్రములు అయస్కాంతము సమీపించినంతనే పరస్పరము తాకును, ఈ పరికరమును 1936లో బెల్ పరిశోధనాలయమున ఎల్‌వుడ్ కనుగొనెను. మూడవది హాల్ మీట. 1879లో ఎడ్విన్ హాల్ గుర్తించిన భౌతికధర్మమును ఆశ్రయించి, హనీవెల్ వారి మైక్రో స్విచ్ విభాగము 1968లో దీనిని వెలువరించెను. కీతో పాటు దిగు అయస్కాంతమును అర్ధవాహకపు బిళ్ళ పసిగట్టునే కాని, ఇందు ఏ లోహము ఏ లోహమును తాకదు. అందుచేతనే ధూళికిని, తేమకును ఓర్చుటలో దీనికి సాటి లేదని నా అభిప్రాయము.

నాలుగవ జాతి ధారకతపై, అనగా కెపాసిటెన్సుపై, ఆధారపడినది. కీట్రానిక్ వారి పద్ధతిలో కీ అడుగున స్పాంజిబిళ్ళయు, దాని క్రింద లోహపు పూతగల రేకును ఉండి, రేకు సర్క్యూట్ బోర్డునకు చేరువైనపుడు విద్యుద్ధారకత మారును. ఐబీఎం వారు 3278 మొదలగు టెర్మినళ్ళలో బీమ్ స్ప్రింగ్ అను బరువైన ఏర్పాటును, తరువాత 1981లో వంగిపడు స్ప్రింగును ప్రవేశపెట్టిరి. ఈ వంగు స్ప్రింగు తొలుత ధారకతా పద్ధతితోనే నడచినను, 1985 నాటి మోడల్ ఎమ్‌లో వ్యయమును తగ్గించుటకై అడుగున ప్లాస్టిక్ పొరలు చేరెను. పైకి ఒకే విధముగా ధ్వనించు రెండు కీబోర్డులు లోపల భిన్నములగుటకు ఇది చక్కని నిదర్శనము.

ఇక గుర్తింపు క్రమము. కీ తొడుగును రెండు వైపుల నుండి సన్నని తీగ ఉచ్చుతో సమముగా పైకి లాగినచో మీట శిరస్సు బయటపడును. ఇదియే ప్రధాన సాక్ష్యము. కూడిక గుర్తువలె అడ్డునిలువులుగా నున్న శిరస్సు 1983 ప్రాంతమున ప్రవేశించిన చెర్రీ ఎమ్‌ఎక్స్‌ను సూచించును. వైస్ సంస్థ టెర్మినళ్ళలో దీని నల్లని భేదము విరివిగా కనబడును. దీర్ఘచతురస్రాకారపు శిరస్సు జపానీయులైన ఆల్ప్స్ వారి మీటను తలపింపజేయును. శిరస్సనునదే లేక గొట్టములో చుట్టలుగా స్ప్రింగు కనబడినచో అది ఐబీఎం వారి వంగు స్ప్రింగే. వీటీ-220 టెర్మినలుతో వచ్చిన డిజిటల్ సంస్థ వారి ఎల్‌కే-201 వంటి కీబోర్డులను విప్పినపుడు వేరువేరు మీటలు కానరాక పొరలే కనబడును. బాణపు గుర్తుల కీలను తలక్రిందులైన టీ అక్షరమువలె అమర్చిన ఈ కీబోర్డు చరిత్రలో ప్రసిద్ధమైనను, మీటల అన్వేషకునకు దానిలో దొరకునది స్వల్పము.

తరువాత బోర్డును త్రిప్పి టంకము చూడవలెను. ఒక్కొక్క కీ క్రింద రెండు కాళ్ళున్న యెడల లోహస్పర్శగాని, రీడ్ గాని; సాధారణముగా నాలుగు కాళ్ళున్న యెడల హాల్ మీట; కాళ్ళు లేక వెడల్పైన లోహపు మచ్చలు జంటలుగా నున్న యెడల ధారకత. సందేహము మిగిలినచో మల్టీమీటరు తీర్చును. కీని నొక్కకుండగనే చిన్న అయస్కాంతమును సమీపింపజేసి, స్పర్శ కలిగినట్లు మీటరు చూపినచో రీడ్ మీట యని నిశ్చయింపవచ్చును. హాల్ మీట విద్యుత్తు సరఫరా లేనిదే పలుకదు. ధారకతా మీట ఎంత నొక్కినను మీటరునకు లొంగదు. ఈ మూడవ లక్షణమును ఎరుగని పనివారు మంచి కీబోర్డును చెడినదని పారవేయుట నిజముగా దుఃఖకరము, ఏలయనగా కాలక్రమమున పొడియగునది స్పాంజి మాత్రమే; క్రొత్త బిళ్ళలు వేసినచో అది యథాపూర్వముగా పనిచేయగలదు. కాలనిర్ణయమునకు చిప్పులపై ముద్రించిన నాలుగంకెల సంఖ్య తోడ్పడును: 8432 అనగా 1984వ సంవత్సరపు 32వ వారము. అది చిప్పు తయారైన వారమే కాని కీబోర్డు తయారైన వారము కాదు.

రంగును నమ్మరాదు. చెర్రీ వారి ఆకుపచ్చని మీట టక్కుమని ధ్వనించునది. ఆల్ప్స్ వారి ఆకుపచ్చని మీట ఏ ధ్వనియు, ఏ అడ్డంకియు లేక సూటిగా దిగునది. పెట్టెపై నున్న సంస్థ పేరును నమ్మరాదు. టెర్మినల్ అమ్మినవారు మీట చేసినవారు కాకపోవుటయే పరిపాటి. కీలపై ముద్రించిన తెలుగు అక్షరములు సైతము మీటను గూర్చి ఏమియు చెప్పవు. కాన్పూరు ఐఐటీలో అంకురించి, 1988లో పూనాలో ఏర్పడిన సీడాక్ సంస్థ చేతిలో పెరిగిన జిస్ట్ విధానము మూలమున, ఇన్‌స్క్రిప్ట్ అను కీల వరుసలో తెలుగును యూనిక్స్ యంత్రములకు పంపగల టెర్మినళ్ళు వెలసినవి. అక్షరములు మారెను గాని క్రింది మీటలు ఏ ఇంగ్లీషు కీబోర్డులోనివో అవియే.

ఇక చిన్న ఊళ్ళ విషయమునకు వచ్చినచో, నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు వంటి ఊళ్ళు టెర్మినళ్ళ యుగమును దాటి, నేరుగా వ్యక్తిగత కంప్యూటర్ల యుగములో అడుగిడినవి. 1998 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కార్డ్ పథకముతో దస్తావేజుల రిజిస్ట్రేషనును కంప్యూటర్లకు మార్చునాటికి, చౌకయైన రబ్బరు బుడిపెల కీబోర్డులు సర్వత్ర వ్యాపించియుండెను. యాంత్రిక మీట ఆ తరువాత మనవారికి మిగిలినది ప్రధానముగా మద్రాసులోని టీవీఎస్ ఎలక్ట్రానిక్స్ వారి గోల్డ్ కీబోర్డు రూపమున. రోజంతయు ‘అను’ అను పేరుగల ఫాంట్లతో పత్రికలు, కరపత్రములు, పెండ్లి శుభలేఖలు కూర్చు డీటీపీ పనివారు దాని స్పష్టమైన ధ్వనిని, ఓర్పును మెచ్చుకొనిరి. దాని తొడుగును తీసి చూచినవారికి నీలవర్ణపు అడ్డునిలువు శిరస్సుతో చెర్రీ ఎమ్‌ఎక్స్ కనబడును. ఆ శిరస్సు చుట్టునున్న తెల్లని తొడుగు విడిగా జారి పడుటవలననే టక్కు మను ధ్వని పుట్టుచున్నది. మెట్టప్రాంతపు పొడిగాలిలో ధూళి స్పర్శస్థానమును చేరినపుడు ఒక్క నొక్కునకు రెండక్షరములు పడుట దీని సామాన్యరోగము. ఈ మీట లోహస్పర్శ జాతికి చెందినదని ఎరిగినవాడు సర్క్యూట్ బోర్డును మార్చక, ఆ ఒక్క మీట టంకమును కరగించి, వేరొకటి నిలుపును.