సీటు బెల్టు: ముఫ్త్‌గా దొరికిన హిఫాజత్

చలానా భయంతోనే సీటు బెల్టు పెట్టుకునే భాయీలు మనలో ఎందరో! దాని తారీఖ్ తెలిస్తే ఆ ఆదత్ మారుతుందేమో.

1950ల జమానాలో కారు బెల్టంటే చాలావరకు నడుముకు కట్టే పట్టీయే. కారు గుద్దుకుంటే ఛాతీ, తల ముందుకు విసురుగా పోయేవి. పట్టీ ఒత్తిడికి కడుపులోని అవయవాలు దెబ్బతినేవి. హిఫాజత్ కోసం పెట్టిందే ఒక్కోసారి ఖతరా అయ్యేది.

1958లో స్వీడన్‌లోని వోల్వో కంపెనీ నిల్స్ బోలీన్ అనే ఇంజనీరును పనిలోకి తీసుకుంది. అంతకు ముందు ఆయన, ఆపదలో పైలట్‌ను విమానం నుంచి బయటికి ఎగరేసే సీట్ల మీద పనిచేశాడు. ఆయన ఈజాద్ చాలా సాదా. ఛాతీ మీదుగా ఒక పట్టీ, నడుం మీదుగా ఒకటి, రెండూ తుంటి పక్కన కలుస్తాయి. ఒంటిచేత్తో పెట్టుకోవచ్చు. దెబ్బ జోరును గట్టి ఎముకలు తీసుకుంటాయి. 1959లో అది కార్లలోకి వచ్చింది.

పేటెంట్ మీద వోల్వో బోలెడు దౌలత్ సంపాదించుకోగలిగేది. కానీ అన్ని కంపెనీలనూ ముఫ్త్‌గా వాడుకోమంది. అందుకే ఈవేళ ఏ కారులో చూసినా అదే నమూనా.

కాబట్టి జనాబ్, బెల్టు పోలీసు కోసం కాదు, జాన్ కోసం. వెనక సీట్లో కూర్చున్న అమ్మీజాన్‌కి కూడా పెట్టండి.